మంగళ, శుక్రవారాల సెలవు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల,
నడిమిపాలెం, భావనపాడు దగ్గర,
శ్రీకాకుళం జిల్లా.
సెప్టెంబరు 20

శ్రీ గంగులు గారికి,

నమస్కారం. నేను మీ అమ్మాయి హేమ చదివే బడికి ప్రధానోపాధ్యాయురాలిని. మీ ఫోనుకి నెల రోజులుగా చేస్తున్నాను, అందడం లేదు. వెరావల్‌లో మన ఊరివాళ్ళు భోజనం చేసే సోములు గారి మెస్సుకి రాస్తే, బోటు ఒడ్డుకొచ్చినప్పుడు మీ చేతికి చేరుతుందని పిల్లలు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం.

హేమ ఈ ఏడు పదో తరగతి. మీరు వేటకి గుజరాత్ వెళ్ళిన రెండు వారాలకి, అంటే ఆగస్టు రెండో వారం నుంచి ఇప్పటికి పదకొండు రోజులు బడికి రాలేదు. అన్నీ మంగళవారాలు, శుక్రవారాలే. మర్నాడు వచ్చి సెలవు చీటీ ఇస్తుంది. ప్రతి చీటీలోనూ ‘జ్వరం వచ్చినందున’ అని ఉంటుంది, కింద వాళ్ళమ్మ వేలిముద్ర. వారానికి రెండుసార్లు, తప్పకుండా అవే రోజుల్లో వచ్చి సాయంత్రానికి పోయే జ్వరాన్ని నా ముప్పై ఐదేళ్ళ సర్వీసులో నేను చూడలేదు. అడిగితే తల వంచుకుని నిలబడుతుంది.

బడి నడిచే రోజుల్లో సెలవు కావాలంటే ముందుగా అడగాలి. తల్లో తండ్రో అడగాలి. ఉన్న కారణం రాయాలి. పెళ్ళికీ, అమ్మవారి పండక్కీ, చుట్టపు చూపుకీ నేను సెలవివ్వను. జూన్‌లో తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాటలు చెప్పినప్పుడు మీరు ముందు వరసలో కూర్చుని విన్నారు. హాజరు డెబ్బై ఐదు శాతం ఉండాలి. ఇలాగే సాగితే మార్చి నాటికి హేమకి అంత ఉండదు. అప్పుడు పరీక్షకి పంపడానికి నేను పై అధికారులకి సంజాయిషీ రాసుకోవాలి, కారణం తెలియకుండా ఏమని రాయను?

పిల్ల తెలివైనది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. జవాబు రాయండి.

ఇట్లు,
పి. దుర్గాభవాని

*

సోములు మెస్,
వెరావల్ రేవు.
అక్టోబరు 13

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారికి,

గంగులు నమస్కరించి రాయునది. మీ ఉత్తరం మెస్సులో తొమ్మిది రోజులు నాకోసం ఉంది. నిన్ననే బోటు ఒడ్డుకొచ్చింది. నా ఫోను ఆగస్టులోనే నీళ్ళలో పడిపోయింది. రేవుకి వచ్చినప్పుడు తోటివాళ్ళ ఫోను అడిగి ఇంటికి మాట్లాడుతున్నాను.

పిల్ల బడి మానుతోందని నా భార్య అమ్మడు గానీ, మా అమ్మ గురమ్మ గానీ ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదు. మీ ఉత్తరం చదివిన వెంటనే ఫోను చేశాను.

“హేమా, మంగళారం ఎక్కడికెల్తన్నావు?” అన్నాను.

“బడికే నాన్నా.”

“శుక్రారం?”

“బడికే.”

వాళ్ళమ్మ ఫోను తీసుకుని, “పిల్లని అలగ అడుగుతావేటి? నీ ఏట నువ్వు సూసుకో” అని పెట్టేసింది.

మేడం గారూ, ఇంకొక సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. దసరాకి ఇంటికెళ్ళి వచ్చినవాడొకడు, మంగళవారం పొద్దున్నే మీ పిల్ల టెక్కలి ఆటో ఎక్కడం చూశానని నలుగురిలో చెప్పాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఎలాంటిదో ఆడపిల్ల తండ్రికి తెలుస్తుంది. నా తోడబుట్టిన అప్ప కొడుకు ఈశ్వర్ పారాదీప్‌లో బోటు మీద పని చేస్తున్నాడు. హేమని ఇమ్మని వాళ్ళు రెండేళ్ళుగా అడుగుతున్నారు. పేరు పాడవక ముందే మాఘమాసంలో ముహూర్తం పెట్టించుకోమని అప్పకి కబురు చేశాను.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. నేనూ ఈ బడిలోనే చదివాను. తొమ్మిదో తరగతిలో నాన్నతో వేటకి పోయి నలభై రోజులు రాలేదు. వచ్చిన రోజున మాస్టారు హాజరు పిలుస్తుంటే, నాకు ముందుండే పేరు పిలిచారు, నా తరవాతుండే పేరు పిలిచారు. నా పేరు పిలవలేదు. కొట్టేశారని అప్పుడు తెలిసింది. నేను లేచి బయటికి వచ్చేశాను. ఎవరూ ఆపలేదు. మా నాన్నకి ఎవరూ ఉత్తరం రాయలేదు. మీరు నాకు రాశారు. పదిహేడు వందల కిలోమీటర్ల దూరానికి, ఒక పిల్ల పదకొండు రోజులు రాలేదని. ఆ కాగితం మడతపెట్టి జేబులో ఉంచుకున్నాను.

అది ఎక్కడికెళ్తోందో మీరే కనుక్కోండి. నాకు ఉన్నదున్నట్టు రాయండి.

తమ విధేయుడు,
గంగులు

*

నడిమిపాలెం.
నవంబరు 2

గంగులు గారికి,

ముందుగా హెచ్చరిక. పదిహేనేళ్ళ పిల్లకి పెళ్ళి చెయ్యడం నేరం. మీరు ముహూర్తం పెడితే నేను పోలీసులతో సహా వస్తాను. మీ అప్పగారికి ఇవాళే వద్దని కబురు పంపండి. ఈ సంగతి అయిపోయింది, ఇక మళ్ళీ ఎత్తను.

మీరు కనుక్కోమన్నారు, కనుక్కున్నాను. నేను సెలవులు పెట్టే మనిషిని కాను. మొన్న శుక్రవారం మాత్రం పెట్టి, పొద్దున్నే టెక్కలి ఆటో ఆగే చోట నిలబడ్డాను. హేమ వచ్చింది. నన్ను చూసి పారిపోతుందనుకున్నాను. నా ఎదురుగా వచ్చి నిలబడి, “రండి మేడం. మీరు కూడా సూడండి” అంది. అదే ఆటోలో ఎక్కాను. మధ్యాహ్నం దాకా దాని పక్కనే ఉన్నాను.

గంగులు గారూ, మీ అమ్మాయి ఎక్కడికి వెళ్తోందో నేను చూశాను, ఏం చేస్తోందో చూశాను. అందులో దాచుకోవలసిన తప్పు ఒక్కటీ లేదు. అది పెద్దవాళ్ళు చెయ్యవలసిన పని. పెద్దవాళ్ళెవరూ చేతికి అందకపోతే ఆ పిల్ల తను చేస్తోంది. నాలుగు గంటలు ఒక బల్ల మీద కూర్చుంటుంది, ఒళ్ళో సాంఘికశాస్త్రం పుస్తకం పెట్టుకుని. ఎవరైనా పిలిస్తే లేచి వెళ్తుంది, పని చూసి మళ్ళీ వచ్చి ఆగిన వాక్యం దగ్గరే మొదలుపెడుతుంది. బడిలో ఫ్యాను కింద కూర్చుని చదవడానికి మారాం చేసే పిల్లల్ని చూసి చూసి, నాకు ఆ రోజు దాని పక్కన కూర్చోవడమే గౌరవంగా అనిపించింది.

అయితే అది నా దగ్గర మాట తీసుకుంది. మీరు బోటు మీద ఉన్నంతకాలం మీకు చెప్పకూడదని. ఇచ్చాను. ఇచ్చాక తప్పను.

నన్ను నమ్మగలిగితే ఒక పని చెయ్యండి. మార్చి దాకా ప్రతి మంగళవారం, శుక్రవారం హేమకి సెలవు కావాలని మీ చేతిరాతతో అర్జీ రాసి పంపండి. కారణం దగ్గర ఖాళీ వదిలెయ్యండి. కారణం లేని అర్జీని నేను ఎన్నడూ తీసుకోలేదు. మీది తీసుకుంటాను.

దుర్గాభవాని

*

వెరావల్.
నవంబరు 25

మేడం గారికి,

అప్పకి కబురు పంపాను, వద్దని. ఆవిడ కోపం తెచ్చుకుంది. పరవాలేదు.

మీ ఉత్తరం చదివి రెండో రోజే బోటెక్కాను. పది రోజులు నీళ్ళ మీద అదే ఆలోచన. మొదటి నాలుగు రోజులు మీ మీద కోపం వచ్చింది. నా కూతురి సంగతి నాకు చెప్పకుండా మీరిద్దరూ దాచుకోవడమేమిటని. వల లాగే చేతులతో అదే ప్రశ్న లాగాను. అయిదో రోజున ఇంకోలా అనిపించింది. ఒక పెద్ద చదువు చదివిన మనిషి ఉద్యోగంలో సెలవు పెట్టి, ఆటోలో కూర్చుని, నా కూతురి పక్కన నాలుగు గంటలు ఉన్నారు. అంత చేసినావిడ తప్పు లేదని రాస్తే తప్పు లేనట్టే. నేను ఇక్కడ నవ్విన వాళ్ళ మాట నమ్మాను, దాని మాట నమ్మలేదు.

ఆ ఆటో మాట చెప్పిన మనిషిని మెస్సులో అందరి ముందూ కూర్చోబెట్టి, మీ ఉత్తరంలో ‘తప్పు ఒక్కటీ లేదు’ అన్న చోటు చదివి వినిపించాను. గబగబా అన్నం తిని లేచిపోయాడు.

అర్జీ ఇదిగో. నాకు తెలిసినట్టు రాశాను. తప్పులుంటే దిద్దండి.

‘ప్రధానోపాధ్యాయురాలు గారి సముఖమునకు: నా కుమార్తె హేమ, పదవ తరగతి. ఆమెకు మార్చి నెల వరకు ప్రతి మంగళవారము, శుక్రవారము సెలవు ఇప్పించవలసినదిగా ప్రార్థిస్తున్నాను. కారణము:                    . ఇట్లు, తండ్రి గంగులు.’

ఆ ఖాళీ వదలడానికి చాలా కష్టమైంది. ‘పని ఉన్నందున’ అని రాసి కొట్టేసి, వేరే కాగితం తీసుకున్నాను.

పిల్ల తింటోందా?

గంగులు

*

నడిమిపాలెం.
డిసెంబరు 14

గంగులుకి,

తింటోంది. గారు అని రాయడం మానేశాను, నీ వయసులో సగం ఎక్కువ నాది.

అర్జీలో తప్పుల్లేవు. ఎర్ర సిరాతో ‘అనుమతించడమైనది’ అని రాసి సంతకం పెట్టి ఫైల్లో ఉంచాను. అంతకుముందు హేమని పిలిచి చూపించాను. చేతిలోకి తీసుకుని చదివింది. ఖాళీ దగ్గరికి వచ్చాక ఆగిపోయింది. “నాన్న ఏటీ రాయనేదు” అంది. “నేనే వద్దన్నాను” అన్నాను. “అయినా సంతకం ఎట్టీసినాడు” అంది. అప్పటిదాకా నా ముందు ఎన్నడూ ఏడవని పిల్ల, గోడవైపు తిరిగి, మొహం తుడుచుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.

ఇక చదువు సంగతి. టైంటేబుల్ మార్చాను. లెక్కలూ, భౌతికశాస్త్రమూ మంగళ, శుక్రవారాల్లో లేకుండా చేసి ఆటలూ, డ్రాయింగూ అటు వేశాను. మాస్టార్లు ఒక్క పిల్లకోసం అందరికీ మారుస్తారా అన్నారు. ఒక్క పిల్లకోసం మార్చలేకపోతే అది టైంటేబుల్ కాదు, గోడ మీద కాగితం అన్నాను. లెక్కల మాస్టారు ఇప్పుడు బుధవారాల్లో అరగంట ముందే వస్తున్నారు, అది నేను చెప్పింది కాదు. మీ అమ్మాయికి అర్ధసంవత్సర పరీక్షల్లో క్లాసులో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం వచ్చిన పిల్ల ఒక్క రోజూ మానలేదు.

నీ మొదటి ఉత్తరంలో ఒక మాట నన్ను వదలడం లేదు. హాజరులో నీ పేరు పిలవకుండా దాటెయ్యడం. ఆ మాస్టారెవరో నాకు తెలియదు, కానీ నేనూ పేర్లు కొట్టేశాను, గంగులూ. ముప్పై ఐదేళ్ళలో పదకొండు. అన్నీ నిబంధన ప్రకారమే. ఆ పదకొండు మంది ఎందుకు రావడం లేదో వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగింది మాత్రం రెండుసార్లే. మార్చి ఆఖరుకి రిటైరవుతున్నాను. ఇంటికి వెళ్ళి అడగాలన్న సంగతి హేమ వల్ల తెలుసుకున్నాను. కొంచెం ఆలస్యంగా.

నువ్వు ఆరోగ్యం చూసుకో.

దుర్గాభవాని

*

వెరావల్.
జనవరి 6

అమ్మా,

ఇలా పిలవవచ్చో లేదో తెలియదు. పిలవాలనిపించింది.

మా బోటులో త్రినాథ్ అని ఉన్నాడు. ఉద్దానం మనిషి, కవిటి వైపు. వారం కిందట ఇద్దరం చిరిగిన వల కుడుతున్నాం. “ఏటి, ఈ మద్దిన మాటాడవు?” అన్నాడు. మా పిల్ల వారంలో రెండు రోజులు బడి మానుతోంది, కారణం నాకు చెప్పడం లేదు అన్నాను.

“ఏ రోజులు?”

“మంగళ, శుక్రవారాలు.”

“తప్పకుండా అవేనా?”

“అవే. టెక్కలి ఆటో ఎక్కుతోందట.”

కుడుతున్న చెయ్యి ఆపేశాడు. “మా అన్నకి సోమ, గురువారాలు” అన్నాడు. నాకు అర్థం కాలేదు. “మీ ఇంట్లో ఎవరికి?” అన్నాడు.

వాళ్ళ అన్నకి కిడ్నీలు పోయి మూడేళ్ళట. వారానికి రెండుసార్లు, కేటాయించిన రోజుల్లో ఆసుపత్రికి వెళ్ళి, మిషన్ మీద నాలుగు గంటలు పడుకుంటే రక్తం శుభ్రమవుతుందట. తోడు ఒకరు ఉండాలట. ఆ రోజు మానితే ఒళ్ళు పొంగిపోతుందట. వాళ్ళ వైపు ప్రతి వీధిలో ఒకరున్నారన్నాడు.

నాలుగు గంటలని మీరు రాశారు. ఎవరైనా పిలిస్తే లేచి వెళ్తుందని రాశారు.

అమ్మా, మీరు మాట తప్పలేదు, నేనే తెలుసుకున్నాను. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. పిల్ల కాదు. మా అమ్మకి చూపు ఆనదు, అయినా ఫోనులో గట్టిగానే మాట్లాడుతోంది. అమ్మడు ఆగస్టు నుంచీ రెండు మాటలకి ఒకసారి ఆగుతోంది. నేను ఫోను లైను బాగాలేదనుకున్నాను. ఇన్ని నెలలూ లైను బాగాలేదనుకున్నాను.

ఇప్పుడు ఒడ్డున ఉన్నాను. బోటు బాగు చెయ్యడానికి మూడు వారాలు పడుతుందట, అప్పటిదాకా రేవు వదలను. మీరు రాయవచ్చు.

మీ గంగులు

*

నడిమిపాలెం.
జనవరి 17

గంగులూ,

నీ ఉత్తరం అందగానే హేమకి చూపించాను. నా మాట నాకు వెనక్కి ఇవ్వమన్నాను. “అమ్మనడగండి” అంది. సాయంత్రం మీ ఇంటికి వెళ్ళాను. అమ్మడు గడపలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. పక్కన కూర్చుని నీ ఉత్తరమంతా చదివి వినిపించాను. ‘లైను బాగాలేదనుకున్నాను’ అన్న చోట నవ్వింది. తరవాత, కాగితం తియ్యండి, నేను చెబుతాను రాయండి అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

“మావా, నాను అమ్మడిని. మేడం గారు రాస్తన్నారు. నువ్వనుకున్నది నిజివే. నువ్వెల్నాక వారానికి కాళ్ళు పొంగిపోనాయి. టెక్కలిలో సూసి, మిషనెక్కించాల అన్నారు. మీయమ్మకి సూపు నేదు, తోడెలా వస్తాది. పిల్లే వచ్చినాది. నీకు సెప్పొద్దని ఇద్దరి సేతా నానే ఒట్టేయించినాను. ఎందుకో నీకు తెల్సు. మా అయ్య బోటు మీదుండగా మా తమ్ముడికి జొరమని కబురెల్నాది. ఆ కబురు ఇన్న పొద్దే అంచు మీద నుండి జారిపోనాడు. తమ్ముడు బతికినాడు, అయ్య పోనాడు. బుర్రలో దిగులెట్టుకున్న మనిషికి బోటు మీద కాలు నిలవదు. నీ కాలు నిలవాలని సెప్పనేదు. పిల్ల మీద అనుమానపడ్డావంట. ఆ పాపం నాది, దానిది కాదు. దాన్నేటీ అనకు. ఇప్పుడు తెల్సిపోనాది కాబట్టి రా. బేగి రా. రైల్లో తలుపు కాడ నిలబడకు.”

ఇది అమ్మడు చెప్పింది. వేలిముద్ర వెయ్యమంటే, వద్దు, పేరు రాస్తానంది. హేమ నేర్పిందట, ఆసుపత్రిలో. కింద చూడు. మూడక్షరాలకీ చాలాసేపు పట్టింది, కానీ ఎవరూ చెయ్యి పట్టుకోలేదు.

అమ్మడు

గంగులూ, నేను ఎందరినో చూశాను. మీ ఇంటి ఆడవాళ్ళ లాంటి వాళ్ళని చూడలేదు. భయం తన దగ్గర ఉంచుకుని నీకు ధైర్యంగా నిలబడే చోటు మిగిల్చింది ఒకామె. ఆ భయాన్ని సగం మోసి, పుస్తకం కింద పెట్టకుండా ఉన్నది ఇంకో పిల్ల. నేను ఈ ఊరికి పాఠాలు చెప్పడానికి వచ్చాననుకున్నాను.

అమ్మడికి ఇప్పుడు పరవాలేదు. నీరసం ఉంది. జబ్బు తగ్గేది కాదని, ఇలా సాగేదని డాక్టర్లు చెప్పారు. నీ దగ్గర దాచేది ఇంకేమీ లేదు.

దుర్గాభవాని

*

నడిమిపాలెం.
ఏప్రిల్ 29

గజపతినగరంలో ఉన్న అమ్మకి,

గంగులు నమస్కరించి రాయునది. మీరు రిటైరై వెళ్ళి నెలయింది. హేమ మార్కులు మీరు ఫోనులో నాకంటే ముందే చూసి ఉంటారు. ఐదు వందల ముప్పై ఒకటి. అది చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. మీరు ఊళ్ళో ఉండగా సిగ్గుపడి చెప్పని సంగతి ఒకటి ఉంది.

ఫిబ్రవరి మొదటి మంగళవారం అమ్మడితో ఆసుపత్రికి మొదటిసారి నేను వెళ్ళాను. హేమని బడికి పంపేశాను. ఆ గదిలో ఆరు మంచాలు. అమ్మడిని పడుకోబెట్టి సూదులు పెట్టారు. నేను బయట బల్ల మీద కూర్చోబోతుంటే లోపల నుంచి ఒక ముసలావిడ పిలిచింది. పేరు గున్నమ్మ, జీడితోటల్లో పని చేసేదట.

“పాప రానేదేటి?”

“బడికెళ్ళింది. నేను వాళ్ళ నాన్నని.”

“మరి మన పాఠం?”

నాకు తెలియలేదు. అప్పుడు అమ్మడు చెప్పింది. మీరు వచ్చి చూసి వెళ్ళిన కొన్నాళ్ళకి, బయట బల్ల మీద చదువుకుంటున్న హేమని గున్నమ్మే లోపలికి రమ్మందట. నీలో నువ్వు సదువుకుంటే మాకేటి ఇనబడతాది, పైకి సదువు అందట. నర్సమ్మ ఒప్పుకుంది. అప్పటినుంచి ఆ నాలుగు గంటల్లో ఆరు మంచాలూ పదో తరగతి చదువుతున్నాయి. నదులూ, పర్వతాలూ, స్వాతంత్ర్య పోరాటం, రాజ్యాంగం. హేమ ఒక పాఠం చదివాక పుస్తకం మూసి వాళ్ళకి అప్పజెప్పేదట. ఎక్కడైనా తప్పితే వాళ్ళు ఊరుకునేవారు కాదట. క్లాసులో రెండో స్థానం ఎలా వచ్చిందో నాకు ఆ రోజు తెలిసింది.

“సంచీలో పుస్తకం ఉన్నాది. నువ్వు సదువు” అంది అమ్మడు.

అమ్మా, తొమ్మిదో తరగతిలో బయటికి వచ్చినవాణ్ణి నేను. వల లాగే చేతులతో పుస్తకం పట్టుకున్నాను. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాను. ఋతుపవనాల పాఠం. నైరుతి అనవలసిన చోట ఈశాన్యం అన్నాను. “నైరుతి, బాబూ. పాప నైరుతి అనే సెప్పినాది” అంది గున్నమ్మ. ఇరవై ఏళ్ళు ఆ గాలి మీద బతికినవాణ్ణి, అటుదిటూ ఇటుదటూ చదివాను. అందరూ నవ్వారు. అమ్మడు కూడా నవ్వింది. ఆ నవ్వుకోసం తరవాత వారం కూడా చదివాను. మార్చి దాకా అన్ని మంగళ, శుక్రవారాలూ నేనే చదివాను. హేమ బడి ఒక్క రోజు కూడా మానలేదు. ఇప్పుడు నాకు తడబాటు తగ్గింది.

నేను మళ్ళీ గుజరాత్ వెళ్ళడం లేదు. ఇక్కడే భావనపాడు నుంచి చిన్న పడవ మీద వెళ్తున్నాను, పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వస్తాను. మంగళవారం, శుక్రవారం రానని తోటివాళ్ళకి ముందే చెప్పుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు వేట నిషేధం కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. అమ్మడు ఒక వారం బాగుంటుంది, ఒక వారం మంచం దిగదు. బాగున్న వారంలో నన్ను తిడుతుంది. ఆ తిట్టు వినబడితే మా అమ్మ గురమ్మ, “ఈ వారం బాగున్నాది” అంటుంది.

మార్కులు వచ్చాక మొదటి శుక్రవారం హేమ తను వస్తానంది. ముగ్గురం వెళ్ళాం. మార్కుల కాగితం పట్టుకుని గది గుమ్మంలో నిలబడింది. కిటికీ పక్క మంచం మీద కొత్త మనిషి ఉన్నాడు. పాతాయన ఏరీ అని హేమ అడగలేదు, ఆ మంచం వైపు చూసి తల దించుకుంది. గున్నమ్మ మాత్రం పిలిచింది.

“మనకెన్నొచ్చినాయమ్మా?”

“ఐదు వందల ముప్పై ఒకటి, అప్పా.”

“సోషల్‌లో?”

“తొంభై ఆరు.”

గున్నమ్మ వేళ్ళ మీద లెక్క చూసుకుంది. “మిగతా నాలుగూ ఎక్కడ పోయినాయి?” అంది. అమ్మడి మంచం నుంచి, “మీ నాన్న నైరుతి తప్పు సెప్పినాడు కదా, అక్కడ” అని వినబడింది. నర్సమ్మ కూడా నవ్వింది. హేమ నవ్వుతూ ఏడ్చింది. కొత్తాయనకి ఏమీ అర్థం కాక అందరి మొహాలూ చూస్తుంటే, పక్క మంచం ఆయన, “మేం పది పాసయ్యాం” అని చెప్పాడు.

ఇప్పుడు అక్కడ ఒక తగువు నడుస్తోంది. హేమ ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని. హేమ లెక్కలు తీసుకుంటానంటోంది. గున్నమ్మకి అది ఇష్టం లేదు, లెక్కలు పైకి చదివితే వినేవాళ్ళకి ఏం తెలుస్తుంది అంటోంది. ఇద్దరు అటు, ముగ్గురు ఇటు. కొత్తాయన ఇంకా ఏ వైపూ తేల్చుకోలేదు. వచ్చే మంగళవారం లోపల మీరు రెండు మాటలు రాసి పంపితే గదిలో పైకి చదువుతాను. మీ మాట అందరూ వింటారు.

మీ గంగులు